నేను ఎదురుగా కూర్చున్న ఇంటర్వ్యూ

"మెయిల్ ఐడీ ఉందా?" అని అడిగితే మా రాజోలులో చాలామంది చెప్పే జవాబు ఒకటే. "మీదే వేసేయండి మేడంగారూ."

అలా వేసీ వేసీ, పాస్‌పోర్టులు, హాల్ టిక్కెట్లు, పింఛను దరఖాస్తులు, పిల్లల మార్కులు అన్నీ నా ఒక్కదాని మెయిలుకే వచ్చి పడతాయి. బస్టాండు దగ్గర ఒక చిన్న నెట్ సెంటరు నాది. ఎవరింట్లో ఏం వండుకున్నారో నాకు తెలియదు గానీ, ఎవరికి ఏ పరీక్ష పోయిందో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకు తెలుస్తుంది. అది చూసుకుని నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ గదిలో అంతకుముందు మా నాన్నగారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆయన పోయాక మిషన్లు పాత ఇనుముకి వేసేసి, అవే బల్లల మీద కంప్యూటర్లు పెట్టాను. మొదట్లో జనం చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవారు. చుట్టుపక్కల మండలాల్లో మౌసు పట్టుకున్న మొదటి చెయ్యి నాదేనని చెప్పుకునేదాన్ని. నిజమా అని ఎవరూ నిలదీయలేదు గనక అదే నిజమైపోయింది. కొత్తది ఏది వచ్చినా "మేడంగారిని అడగండి" అనేవారు. నేను కూడా నాకు తెలియదన్న మాట ఏనాడూ అనలేదు. తెలియకపోతే కసురుకునేదాన్ని. కసురుకునేవాళ్ళకి తెలిసే ఉంటుందని జనం అనుకుంటారు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా వైపు ఎవరైనా మాట్లాడుతుంటే వినేవాళ్ళు ఊరుకోవడం మర్యాద కాదు. "ఆయ్" అంటూ ఉండాలి. వింటున్నాను, నీ మాట నాకు అందుతోంది, ఊఁ కానీ, అని దానికి అర్థం. ఫోనులో అవతలివాళ్ళు ఆయ్ అనడం మానేస్తే లైను పోయిందనుకుని హలో హలో అని అరుస్తాం. మా అన్నయ్య కూతురు హైదరాబాదులోనే పుట్టి పెరిగింది. అక్కడే ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం. "నీతో మాట్లాడితే గోడ గడియారంతో మాట్లాడినట్టుంటుంది అత్తా. అది టిక్కు టిక్కు, నువ్వు ఆయ్ ఆయ్" అని ఏడిపించేది. నేను నవ్వేదాన్ని. అన్నంలో ఉప్పులాగా అది మా మాటల్లో కలిసిపోయి ఉంటుంది, ఎప్పుడు అంటామో మాకే తెలియదు.

ఇక ఆ ఇంటర్వ్యూకి కూర్చున్న పిల్ల సంగతి. ఆమెది గోదావరి పాయ ఒడ్డున ఒక లంక ఊరు. పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ ఏడాదే తల్లి కువైట్ వెళ్ళి ఒకళ్ళింట్లో వంటకి కుదిరింది. పెంచింది అమ్మమ్మ. వాళ్ళ ఇంట్లో మంచి ఫోను లేని రోజుల్లో తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నది మా సెంటర్లోనే, మూలనున్న మూడో నంబరు సిస్టం ముందు. శుక్రవారం నమాజుకి ఆ ఇంటివాళ్ళు వెళ్ళినప్పుడు తల్లికి ఒక అరగంట ఖాళీ దొరికేది. ఆ అరగంట కోసం ఈ పిల్ల స్కూల్లో పర్మిషన్ అడిగి రొప్పుతూ పరిగెత్తుకొచ్చేది. మాట్లాడటం తక్కువ, చూసుకోవడం ఎక్కువ. తల్లి తెర దగ్గరికి మొహం పెట్టి "జడ ఎవరేసేరే?" అనేది. "అమ్మమ్మ." "వదులుగా వేసింది." అంతే, ఇద్దరికీ కళ్ళ నీళ్ళు వచ్చేవి. నేను పక్క సిస్టం దగ్గర ఏదో పని ఉన్నట్టు నటించేదాన్ని.

అలా పెరిగిన పిల్ల డిగ్రీలో కంప్యూటర్ సైన్సు తీసుకుంది. కాలేజీ ల్యాబులో సగం సిస్టంలు పనిచేసేవి కావు, ప్రోగ్రాములు కాగితం మీద రాసి రికార్డు నింపేవారు. అయినా హైదరాబాదు కంపెనీ ఒకటి చిన్న ఊళ్ళ కాలేజీ పిల్లల కోసం ఆన్‌లైన్ పరీక్ష పెడితే, వాళ్ళ కాలేజీ మొత్తంలో ఈ పిల్ల ఒక్కతే నెగ్గింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. ఆ మెయిలు కూడా నాకే వచ్చింది. నేనే ఫోను చేసి చెప్పాను, నాకే ఉద్యోగం వచ్చినంత సంబరంగా.

ఆ ఇంటర్వ్యూ మీద ఏం ఆధారపడి ఉందో నాకు బాగా తెలుసు. తల్లి అకామా, అంటే అక్కడ ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే కార్డు, శ్రావణమాసంలో అయిపోతుంది. మళ్ళీ కట్టించుకుంటే ఇంకో రెండేళ్ళు రావడానికి లేదు. ఆమెకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక శుక్రవారం నా ఎదురుగానే కూతురితో అంది. "నీ ఆర్డరు కాయితం ఫొటో నాకు పెట్టమ్మా. అది రాగానే ఇక కట్టించొద్దని వీళ్ళకి చెప్పేస్తాను. పెట్టె సర్దేసుకుని వచ్చేస్తాను. నీకు రోజూ కేరేజీ కట్టి పంపిస్తాను."

ఫోను పెట్టేశాక కూతురు నా దగ్గరికి వచ్చి, "ఇందులో మనిషి ఉండడంటండీ. ఏఐ అడుగుతుందంట. ఎలాగుంటుందో మీకేమైనా తెలుసా అండీ?" అంది.

నాకు తెలియదు. ఆ మాట అంటే సరిపోయేది. "ఏఐ అంటే ఏవిటే? కంప్యూటరే కదా. కంప్యూటర్ని నేను నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను" అన్నాను.

మెయిలుకి జతగా నియమాల కాగితాలు వచ్చాయి, ఇంగ్లీషులో, సన్న అక్షరాలతో. ఈ వృత్తిలో నా చెయ్యికి ఒక అలవాటు పడిపోయింది. కాగితం ఏదైనా సర్రున కిందికి జరిపేసి, "అన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో టిక్కు కొట్టేస్తాను. వెనకాల వరసలో జనం నిలబడి ఉంటే ఎవరు చదువుతారు? ఊరందరి తరఫునా నేను ఒప్పేసుకుంటూ వచ్చాను. ఆ పిల్ల మాత్రం నా భుజం మీదుగా తొంగి చూసి, "ఒకసారి చదవాలేమోనండీ" అంది. "ఇవన్నీ మామూలేనమ్మా" అని టిక్కు కొట్టాను.

ఆ వారం రోజులూ సాయంత్రాలు దాన్ని కూర్చోబెట్టి నాకు తెలిసిందంతా నేర్పాను. అడిగేవాళ్ళు రాగానే లేచి నమస్కారం పెట్టు. పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి చూడకు, తలొంచుకుని వినయంగా చెప్పు. గొంతు లేపకు. నీ గొప్పలు నువ్వు చెప్పుకోకు. ఇవే మాటలు చెప్పి ఒకప్పుడు ఎంతమందిని బ్యాంకుల్లోకి, బడుల్లోకి పంపించానో. ఆ పిల్ల అన్నిటికీ ఆయ్ అంది. చివర్న, "కంగారుపడకు, ఆ రోజు నేను నీ ఎదురుగానే కూర్చుంటాను" అన్నాను. దానికీ ఆయ్ అంది.

ఇంటర్వ్యూ పొద్దున్న పదకొండింటికి. షట్టరు సగం దించేసి, జిరాక్సుల కోసం వచ్చినవాళ్ళని గంటాగి రమ్మన్నాను. ఇన్వర్టరు రెండుసార్లు చూసుకున్నాను. తల్లి పంపిన నీలం రంగు చుడీదారు వేసుకొచ్చింది. ల్యాప్‌టాప్ దాని ముందు పెట్టి, నేను బల్లకి అవతలి వైపు కుర్చీ వేసుకున్నాను. నాకు దాని మొహం కనిపిస్తుంది, తెర కనిపించదు.

ఒక ఆడగొంతు ఇంగ్లీషులో శుభోదయం చెప్పింది. పిల్ల చటుక్కున లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆ గొంతు మళ్ళీ ఏదో అంది. మర్యాదగా కూర్చోమంటోందనుకుని నేను కూర్చో అన్నట్టు చెయ్యి ఊపాను. తల కెమెరాలోంచి బయటికి పోయిందని చెబుతోందట. అది నాకు తర్వాత తెలిసింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ పిల్ల తలొంచుకుని, నెమ్మదిగా, చక్కగా చెప్పుకుపోతోంది. ఆ ఇంగ్లీషు నాకు సగమే అందింది. మీ ఊళ్ళో నువ్వు చేసిన పని ఏదైనా చెప్పమని అడిగినట్టుంది. లంకలో ఆడవాళ్ళ మాట వచ్చింది, కువైట్ అని వచ్చింది, మై మదర్ అని వచ్చింది. భర్తలో, తల్లులో గల్ఫులో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ ఫోనులో వాళ్ళే వీడియో కాలు చేసుకోవడం ఈ పిల్ల నేర్పింది. మా సెంటరుకి రావడానికి వాళ్ళు పాయ దాటాలి గనక. ఆ సంగతే చెబుతోంది. నాకు గుండె నిండిపోయింది. "ఆయ్" అన్నాను. ఇంకో వాక్యం చెప్పింది. "ఆయ్."

అక్కడ అది ఆగింది. తెర వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. పాపం జంకుతోంది అనుకున్నాను. "ఆయ్, చెప్పమ్మా, బాగా చెబుతున్నావు" అన్నాను కాస్త గట్టిగానే. అది నన్ను చూసి చిన్నగా నవ్వి, మళ్ళీ తల దించుకుని చెప్పడం మొదలుపెట్టింది. నేను ధైర్యం చెప్పినందుకే అందుకుందని మురిసిపోయాను.

ఇంకాసేపటికి ల్యాప్‌టాప్ మూత వేసేసింది.

"అయిపోయిందా? గంట అన్నారు కదే?"

"ఆయ్. తొందరగా అయిపోయిందండీ."

"బాగా చేసేవు. నేను విన్నానుగా" అని, పొద్దున్న చేసి తెచ్చిన కొబ్బరి లౌజు దాని చేతిలో పెట్టాను. అక్కడే నిలబడి మొత్తం తినేసింది. నాకు నమస్కారం పెట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకి మెయిలు వచ్చింది. పొద్దున్నే సెంటరు తెరిచి, ఊదొత్తి వెలిగించి చూశాను. ఇంటర్వ్యూ జరుగుతుండగా గదిలో రెండో మనిషి గొంతు పలుమార్లు వినిపించింది, హెచ్చరించినా ఆగలేదు, ఎవరో సాయం చేస్తున్నట్టుగా భావించి దరఖాస్తు కొట్టేస్తున్నాం, ఏడాదిదాకా మళ్ళీ పెట్టుకోవద్దు అని ఉంది.

ముందు నాకు ఒళ్ళు మండింది. మా పిల్ల దొంగతనంగా చేసిందంటారా? రెండో మనిషి ఎవడు? ఎవడూ ఒక్క ముక్క అందించలేదే! అప్పటికప్పుడు హైదరాబాదులో మా మేనకోడలికి ఫోను చేసి తిట్టిపోశాను, ఆ కంపెనీ అదే నడుపుతున్నట్టు.

అది అంతా విని, "అత్తా, ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అంది.

"నేనున్నాను. నేను నోరు కూడా మెదపలేదు."

అది మెల్లగా చెప్పుకొచ్చింది. అక్కడి పిల్లలు దీనికోసం నెలల ముందు నుంచీ తయారవుతారట. ఏం అడుగుతుందో, ఏం చూస్తుందో సీనియర్లు గ్రూపుల్లో పెడతారట. తెర వంక కాదు, కెమెరా చుక్కలోకి చూడాలట. తల దించుకుంటే కింద చీటీ చూసి చదువుతున్నట్టు లెక్కట. గదిలో పురుగు కూడా ఉండకూడదట. "మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కి కూడా తెలుసత్తా, తలుపుకి కాగితం అంటించి ఉంటే బెల్లు కొట్టకూడదని."

"ఆయ్" అన్నాను.

"ప్రాక్టీసుకి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కూడా. ఫోనులో ఉన్న ఏఐనే ఇంటర్వ్యూ చెయ్యమంటే చేస్తుంది, తప్పులు చెబుతుంది. ఊరికేనే. నీ ఫోనులో కూడా ఉంది."

"ఆయ్."

"అదే అత్తా" అంది మా మేనకోడలు. దాని గొంతు మారిపోయింది. "అదే. ఇప్పుడన్నావు చూడు. అదే."

ఫోను పెట్టేశాను. బయట షట్టరు మీద ఎవరో తట్టి, "మేడంగారూ, ఆధార్ జిరాక్సండీ" అన్నారు. లేచి తీసిచ్చాను. ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలిసినదాన్ననుకున్న నాకు, హైదరాబాదులో గేటు దగ్గర కూర్చునే మనిషికి తెలిసినంత కూడా తెలియదు. తెలియదని తెలిసినా బాగుండేది, షట్టరు బయట నిలబడేదాన్ని.

ఆ పిల్లకి నేను నిజం చెప్పలేదు. "రాలేదమ్మా" అన్నాను. అంతే అన్నాను. ఎందుకు రాలేదని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. "ఆయ్, పోన్లెండి" అంది. నెమ్మదైన పిల్ల, అడగదు అనుకుని బతికిపోయాను. శ్రావణంలో తల్లి అకామా మళ్ళీ కట్టించుకుంది. పిల్ల అమలాపురంలో బట్టల కొట్టులో బిల్లులు కొట్టే పనిలో చేరింది. పొద్దున్న బస్సు ఎక్కేటప్పుడు మా సెంటరు ముందు నుంచే వెళ్ళేది. నన్ను చూసి చెయ్యి ఊపేది. నాకు అన్నం సయించేది కాదు.

తర్వాత నేను కొంత నేర్చుకోలేదని కాదు. మా మేనకోడలిని రోజూ విసిగించి, ఫోనులో ఆ ఏఐతో మాట్లాడటం నేర్చుకున్నాను. వెనక స్టోరు రూము ఖాళీ చేసి, ఒక బల్ల, ఒక కుర్చీ వేసి పిల్లల్ని ఒక్కొక్కరినీ లోపల కూర్చోబెట్టి అభ్యాసం చేయించడం మొదలుపెట్టాను. నియమాల కాగితాలు ఇప్పుడు ఒక్కో అక్షరం చదువుతాను, వరసలో జనం గొణుక్కున్నా సరే. ఇద్దరు ముగ్గురు పిల్లలు నెగ్గారు కూడా. వాళ్ళు స్వీట్లు తెచ్చిస్తే నాకు ఏడుపు వచ్చేది. దేనికి ఏడుస్తున్నానో వాళ్ళకి తెలియక, ఆనందంతో అనుకునేవారు.

వరదల రోజుల్లో ఒక శుక్రవారం లంకకి వెళ్ళే కాజ్‌వే రోడ్డు మునిగిపోయింది. ఆ పిల్ల పడవ దాటి వచ్చేసరికి అమలాపురం బస్సు వెళ్ళిపోయింది. ఇక ఆ రోజు పనికి వెళ్ళలేనని తడిసిన బట్టలతో మా సెంటర్లోకి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం, వానకి జనం లేరు. టీ కాచి ఇచ్చాను. తువ్వాలు ఇస్తే తల తుడుచుకుంది. మూడో నంబరు సిస్టం ముందు కూర్చుని, తువ్వాలు మెడలో వేసుకుని టీ తాగుతుంటే అది నాకు మళ్ళీ ఎనిమిదో తరగతి పిల్లలాగే కనిపించింది. ఇంక పట్టలేకపోయాను.

"నీ ఉద్యోగం నావల్లే పోయిందమ్మా" అన్నాను. "నువ్వు చెబుతుంటే నేను ఆయ్ ఆయ్ అంటూ కూర్చున్నాను. అది ఆ మిషను వింది. ఎవరో అందిస్తున్నారనుకుంది. మెయిల్లో రాసేరు. నీకు చూపించకుండా దాచేను."

అది గ్లాసు కింద పెట్టింది.

"తెలుసండీ."

"మెయిలు చూసేవా?"

"లేదండీ. అప్పుడే తెర మీద వచ్చిందండీ, ఎర్రగా. ఇంకొకరి గొంతు వినబడుతోంది, మళ్ళీ వినబడితే ఆపేస్తాం అని. రెండుసార్లు వచ్చి, తర్వాత అదే ఆపేసింది."

నువ్వు ఆగి నా వంక చూసింది అప్పుడేనా అని అడగబోయాను. అడగక్కర్లేకపోయింది. ఆ చూపు, ఆ చిన్న నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

"మరి చెప్పొచ్చు కదే! నోరు మూసుకోండి అని ఒక్క మాట అనొచ్చు కదే! బయటికి పొమ్మంటే పోయేదాన్ని కదే!" నాకు తెలియకుండానే అరిచేస్తున్నాను.

"అదేంటండీ, మిమ్మల్ని అలా ఎలా అంటాను?" అంది. "నాకోసం సెంటరు కట్టేసుకుని కూర్చున్నారు. మాట్లాడకండని మీతో అనడానికి నోరు రాలేదండీ."

గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని తనే అంది. "అమ్మకి చెప్పలేదండీ. ఇంగ్లీషు సరిగ్గా రాలేదు, అందుకే పోయిందని చెప్పేను. మీ మీద అమ్మకి కోపం రాకూడదు కదండీ."

అంటే ఇన్నాళ్ళూ ఆ తల్లి అక్కడ వేడి పొయ్యి దగ్గర నిలబడి, తను పంపిన డబ్బుతో చదివినా తన కూతురికి చదువు అబ్బలేదనుకుంటోంది. కాలేజీ మొత్తంలో ఒక్కతే నెగ్గిన పిల్ల గురించి. అమ్మ ఫోను చేసినప్పుడు నాకివ్వు, నేనే చెబుతాను అన్నాను. అది వద్దన్నట్టు చూసింది.

శుక్రవారం కదా, అరగంట వేళకి ఫోను మోగనే మోగింది. తల్లీకూతుళ్ళు వరద గురించి, అమ్మమ్మ దగ్గు గురించి మాట్లాడుకున్నారు. తల్లి జుట్టు బాగా నెరిసిపోయింది. నేను వెనకాల ఉన్నానని తెలిసి "మేడంగారికి ఇవ్వమ్మా" అంది. ఫోను తీసుకున్నాను. చెప్పాల్సిన మాట గొంతులో సిద్ధంగా ఉంది.

"బాగున్నారాండీ?" అంది ఆమె. "మా పిల్ల చెప్పిందండీ. ఆ రోజు మీ పని మానేసుకుని దాని ఎదురుగా కూర్చున్నారంట. కన్నదాన్ని, నేను లేకపోయేను. నా బదులు మీరున్నారు. అది చాలండీ నాకు."

నా చేతిలోని ఫోను వెనక ఆ పిల్ల నిలబడి నా వంకే చూస్తోంది. వద్దండీ అన్నట్టు తల అడ్డంగా ఊపింది, మెల్లగా, ఒకే ఒక్కసారి.

అవతల తల్లి నా జవాబు కోసం చూస్తోంది. లైను పోయిందనుకుని "హలో, హలో, మేడంగారూ" అంటోంది.

"ఆయ్" అన్నాను.